మట్టిసాక్షి

ఇల్లు కట్టుకొన్నవాడు చుట్టాలకు తన ఇంటిని చూపించేటప్పుడు గోడలు చూపిస్తాడు, ద్వారబంధాలు చూపిస్తాడు, మేడమెట్లు ఎక్కించి దించుతాడు. నేల క్రింద ఉన్నదానిని మాత్రం చూపించలేడు. పునాది కందకం, మురుగుతొట్టి, ఇంకుడుగుంత, పెరడు ఎత్తు చేయడానికి పోయించిన మొరం - ఇవన్నీ కూలి చెల్లించిననాడే కంటికి కనబడకుండా పోయే పనులు. వడ్రంగి తలుపు వంకరగా చేస్తే ఆ సాయంత్రమే తెలుస్తుంది. మట్టిపనివాడు చేసిన తప్పు ఒక వర్షాకాలందాకా, కొన్ని యెడల పది వర్షాకాలాలదాకా, భూమిలోనే నిద్రపోతుంది. అందుచేత మట్టిపనికి మనిషిని కుదుర్చుకోవడం అల్లుణ్ణి వెదకడంకంటె సులభమైన విషయమేమీ కాదు.

రాయపూరులో ఈ చిక్కు మరికొంత ఎక్కువ. ఛత్తీస్‌గఢ్ మైదానంలోని రైతులు తమ నేలకు నాలుగు పేర్లు పెట్టుకొన్నారు: ఎఱ్ఱని గులకనేల భాటా, పసుపువన్నె నేల మటాసీ, దానికంటె బరువైనది దోర్సా, నల్లని జిగటమన్ను కన్హార్. ఒకే వీథిలో ఈ చివర భాటా, ఆ చివర కన్హార్ తగలవచ్చు. కన్హార్ వేసవిలో అరచేయి దూరేటంత నెఱ్ఱెలు విచ్చుతుంది. వాన పడగానే నీరు త్రాగి ఉబ్బుతుంది. దానిమీద నిలిచిన గోడ ఏటేటా కొంచెం లేచి కొంచెం దిగుతూ ఉంటుంది. ఈ మన్నుల అడుగున సున్నపురాయి. పలకలుగా చీలే ఆ రాయినే ఫర్షీ పత్థర్ అంటారు. ఊరిలోని పాత ఇండ్ల నేలలన్నీ దానితో పరచినవే. ఆ రాయి పగుళ్లలో నీరు పారుతుంది. మంచినీరూ పారుతుంది, మురుగునీరూ పారుతుంది. రాతికి ఆ వివక్ష లేదు.

ఆ ఊరిలో ఒక గృహస్థు ఉన్నారు. విజయనగరంనుండి పార్వతీపురం మీదుగా రాయపూరు చేరే రైలుమార్గం 1931లో పూర్తి అయిన పిమ్మట అటువైపునుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఆయనదొకటి. ఉద్యోగం చాలించి, నలభై అడుగుల వెడల్పు, డెబ్బై అడుగుల పొడవు గల తన స్థలంలోని పాత ఇంటిని బాగుచేయించుకొంటున్నారు. ఆయన కష్టానికి మూలం వీథిలో ఉన్నది. తారు వేసిన ప్రతిసారీ పాతపొరను తీయకుండా దానిమీదనే కొత్తపొర వేయడంచేత రోడ్డు ఎత్తైపోయి, ఇల్లు పల్లమైపోయింది. శ్రావణమాసం వచ్చిందంటే వీథిలోని నీరంతా ఆయన పెరటికి చుట్టపుచూపుగా వచ్చి, కార్తీకందాకా కదిలేది కాదు. పెరడు ఎత్తు చేయించాలి. పాత మురుగుతొట్టి పూడ్చి కొత్తది తవ్వించాలి. పైకప్పు వాననీటికి ఒక ఇంకుడుగుంత కావాలి. మూడూ మట్టిపనులే.

మే నెలలో, వానలు ఇంకొక నెలకు మొదలవుతాయనగా, ఆయన ఒక గుత్తదారును పిలిపించారు. రాయపూరులో ఠేకేదారు అంటారు. అతడు వాకిట్లో నిలబడే పెరడు చూచి, ‘రెండురోజుల పని, బాబూజీ’ అన్నాడు. యంత్రానికి గంటకింత, టిప్పరుకు తడవకింత. నేల ఏ రకమో అడుగలేదు. పొరుగువారి బావి ఎక్కడో అడుగలేదు. గృహస్థు కూడ అవేమీ చెప్పలేదు. గంట వెల దగ్గర మాత్రం అరగంట బేరమాడారు.

నేటి మట్టిపనికి యంత్రమే ప్రాణం. వెనుక తొండం, ముందు చేట ఉన్న పచ్చని బండిని దేశమంతటా జేసీబీ అనే పిలుస్తారు. అది ఇంగ్లండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డు 1945లో పెట్టిన సంస్థ పేరు. 1979నుండి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఈ బండ్లు తయారవుతున్నవి. ఇప్పుడు ఏ కంపెనీ బండి వచ్చినా పల్లెవారికి అది జేసీబీయే. దీనికొక గంటల మీటరు ఉంటుంది. ఇంజను తిరుగుతున్నంతసేపు మీటరూ తిరుగుతుంది. తొండం మన్ను తీస్తున్నదా, టిప్పరుకోసం ఊరక కాచుకొన్నదా అనే భేదం దానికి తెలియదు. మొదటిరోజున డ్రైవరు చెట్టునీడన టీ త్రాగుతుండగా ఇంజను గుడగుడలాడుతూనే ఉన్నది. గృహస్థు చూచారు. ఆ గంట ఎవరి ఖాతాలోనిదని అడగడానికి మొగమాటపడ్డారు.

మొగమాటపడవలసిన అవసరంలేనిచోట మాత్రం గట్టిగానే పోట్లాడారు. వెనుకగోడ ప్రక్కన తొట్టికి తవ్విన గుంట పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల లోతు: 960 ఘనపుటడుగులు. టిప్పరు తడవకు నూరు ఘనపుటడుగులు మోస్తుంది కనుక పది తడవలు చాలునని ఆయన కాగితంమీద లెక్క వేసి ఉంచుకొన్నారు. తీరా పదమూడు తడవలయినవి. మూడు తడవలు మోసమని ఆయన పట్టుబట్టారు. నిజానికి అక్కడ మోసం లేదు. భూమిలో ఒత్తుకొని ఉన్న మన్ను తవ్వితీయగానే గుల్లబారి ఉబ్బుతుంది. బంకమన్ను పాతిక ముప్పైపాళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువా పెరుగుతుంది. 960 అడుగుల గుంటలోనుండి 1,250 అడుగుల మన్ను రావడంలో వింత లేదు. గుత్తదారుకు ఆ సంగతి తెలిసినా విడమరచి చెప్పే ఓపిక లేదు. ఒక తడవ తగ్గించుకొని నవ్వుకొంటూ వెళ్లాడు. ఆ నవ్వుకు కారణం మరొకటి ఉన్నదని తరువాత గాని తెలియలేదు.

ఏడడుగుల దగ్గర పలకరాయి తగిలింది. మొదటి ఏడడుగులకు ఎంతసేపు పట్టిందో చివరి అడుగుకు అంతసేపు పట్టింది. గుంట గోడలను నిట్టనిలువుగా చెక్కారు. తీసిన మన్నులో సగం టిప్పరు వచ్చేదాకా గట్టుమీదనే, పొరుగింటి ప్రహరీని ఆనుకొని, కుప్పపోశారు. ఇద్దరు కూలీలు అడుగున దిగి సాయంత్రందాకా మూలలు సరిచేశారు.

ఆ రాత్రి ఈదురుగాలితో అకాలవర్షం కురిసింది. తెల్లవారుజామున పెద్ద బండి బోల్తాపడిన చప్పుడయింది. గృహస్థు దీపం తీసికొని పోయి చూస్తే గుంటలో ఒక పక్క లేదు. గట్టుమీది మన్ను, దాని క్రింది నల్లనేల, దానితోపాటు పొరుగింటి ప్రహరీ పన్నెండడుగుల మేర కూలి, క్రితం సాయంత్రం ఆ ఇద్దరు మనుష్యులు నిలబడిన చోట పడి ఉన్నవి. వారి పార ఒకటి మన్నులోనుండి పిడి మాత్రం కనబడుతున్నది. ఆయన చాలసేపు ఆ పిడిని చూస్తూ వానలో నిలబడ్డారు. టిప్పరు తడవలు లెక్కపెట్టిన వారు గుంట గోడలవైపు ఒక్కసారైనా చూడలేదు.

భారతీయ ప్రమాణాల సంస్థవారి తవ్వకపు భద్రతా నియమావళి ఒకటి ఉన్నది, ఐ.ఎస్. 3764, 1992 నాటిది. మీటరున్నరకు, అనగా సుమారు అయిదడుగులకు మించిన కందకానికి గోడలు ఏటవాలుగా చెక్కాలనీ లేదా కఱ్ఱలతో ఆపు పెట్టాలనీ, తీసిన మన్ను అంచునుండి కనీసం మీటరున్నర దూరానగాని, లోతులో సగం దూరానగాని, ఏది ఎక్కువైతే అంత దూరాన పోయాలనీ అందులో ఉన్నది. వానకు తడిసిన కన్హార్‌ను ఎరిగిన ఏ పల్లెటూరి మనిషిని అడిగినా ఇంచుమించు ఇదే చెప్పేవాడు. అడుగలేదు, అంతే.

గుత్తదారు మరునాడు వచ్చి, గోడ సంగతి మాటలలో లేదన్నాడు. నిజమే, మాటలలో లేదు. కూలిన గుంటను అరకొరగా పూడ్చి, పెరటిలో మూడడుగుల మొరం పోశానని లెక్క చూపించి, డబ్బు తీసికొన్నాడు. పైకి చూడడానికి పెరడు ఎఱ్ఱగా, చదునుగా, ముచ్చటగా ఉన్నది. భాద్రపదం వచ్చేసరికి అది అక్కడక్కడ కుంగింది. ఒక మూల కుక్క త్రవ్విన చోట సిమెంటు పెచ్చులు, పగిలిన పెంకులు, ప్లాస్టిక్ సంచులు బయటపడినవి. మొరం ఒక అడుగే. దాని క్రింద ఎవరిదో పడగొట్టిన ఇల్లు. గుత్తదారు ఫోను అప్పటికి పలకడం మానివేసింది. మొరం ఛత్తీస్‌గఢ్ గౌణ ఖనిజ నియమాల (2015) క్రిందికి వచ్చే సరుకు. తోలించేటప్పుడు దానికి రవాణాచీటీ ఉండాలి. ఆ చీటీలు అడిగి తీసికొని ఉంటే ఎన్ని బండ్ల మొరం వచ్చిందో కాగితమే చెప్పేది.

పొరుగింటిలో ఉన్నది ఒక వితంతువు, డెబ్బై దాటిన ఛత్తీస్‌గఢీ స్త్రీ. ఆమె పోట్లాడలేదు. కూలిన చోట పాత చీరలు కట్టి తడక నిలిపింది. ఆ చీరల సందులోనుండి ఆమె బావి కనబడేది. ఇంటిలో కుళాయి ఉన్నా, త్రాగడానికి ఆమె ఆ బావినీరే తోడుకొనేది. ఉదయం పూట పెరటిలోకి రావడం గృహస్థు మానుకొన్నారు.

డిసెంబరులో, నేల పదునుగా ఉన్నప్పుడు, రెండవ గుత్తదారు వచ్చాడు. అతనికి సొంత యంత్రం లేదు. అవసరమైనప్పుడు అద్దెకు తెస్తాడు. అతడు ధర చెప్పలేదు. ‘బావి ఎక్కడ ఉన్నది, బాబూజీ?’ అని అడిగాడు. చీరల తడక అవతల చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. వెనుకవైపు ఇంకుడుతొట్టి పెడితే రాతి పగుళ్లగుండా మురుగు ఆ బావిలోకే పోతుంది; ముందు వీథివైపు పెట్టుకోవాలి. త్రాగునీటి బావికి, ఇంకుడుతొట్టికి పద్ధెనిమిది మీటర్ల ఎడం ఉండాలని ప్రమాణగ్రంథాలలో ఉన్నమాట అతడు చదివినవాడు కాడు. కాని అతడు అడుగులు వేసి కొలిచి చూపిన చోటు అరవై అడుగులకు కొంచెం పైననే ఉన్నది.

అతనితో అతని తండ్రి వచ్చాడు. చేతిలో గడ్డపార, ఇక్కడివారు సబ్బల్ అంటారు. వృద్ధుడు ముందువైపు మూడు చోట్ల సన్నని గుంటలు తీయించి, ఒక్కొక్క పొరనుండి పిడికెడు మన్ను వరుసగా అరుగుమీద పెట్టించాడు: పైన నల్లది, తరువాత సున్నపుగుళ్లు కలిసిన పసుపుది. ఆరడుగులదాకా రాయి తగలలేదు. ఎనిమిది అడుగులు వద్దు, ఆరడుగులతో ఆపి, పొడవు పదహారడుగులు చేయండి అన్నాడు. పదహారు, పది, ఆరు: గుణించి చూస్తే అవే 960 ఘనపుటడుగులు. రాతిని కొట్టనక్కరలేదు, మనిషి లోతుకు దిగనక్కరలేదు. అంతటి సులువైన లెక్క మే నెలలో ఎవరికీ తోచలేదు.

గుంటలోతు కొలిచేటప్పుడు వృద్ధుడు గడ్డపారమీద జానలు వేస్తూ తనలో తాను లెక్కపెట్టుకొన్నాడు. ‘ఒగటి, రొండు, మూడు, నాలుగు...’

గృహస్థు ఉలిక్కిపడ్డారు. ‘పెద్దయ్యా, మీదే ఊరు?’ అని తెలుగులో అడిగారు.

వృద్ధునికి ప్రశ్న అర్థమయింది కాని జవాబు చెప్పడానికి మాటలు చాలలేదు. మట్టి, నీరు, రాయి, అంకెలు, తిట్లు - అతనివద్ద మిగిలిన తెలుగు అంతే. తక్కినదంతా ఛత్తీస్‌గఢీ. వారిది మన్నుపని చేసే కులమట, నాగపూరువైపునుండి వచ్చారట, అంతకుముందు ఎక్కడో తాతకే తెలియదట. చెరువులు, కాలువలు, రైలుకట్టలు ఎక్కడ పడితే అక్కడికి గుడారాలు ఎత్తుకొనిపోయిన వడ్డెరలలో ఇటువంటి కుటుంబాలు అరుదు కావు. థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాల గ్రంథంలో ఒడ్డెలను రాతిపనివారు, మన్నుపనివారు అని రెండు తెగలుగా విభజించి చెప్పాడు. గుజరాతులో సిద్ధరాజు చెరువు తవ్వడానికి వచ్చిన జస్మా ఓడణ్ కథ, ఛత్తీస్‌గఢ్‌లో దేవార్లు పాడే దసమత్ కైనా గాథ, రెండూ రాజు ఆశపడిన మన్నుపని స్త్రీ కథలే. దేశం వీరి స్త్రీలను పాటలలో దాచుకొన్నది. పురుషుల పేర్లు ఏ కట్టమీదా లేవు.

ఒప్పందం ఒక గీతల కాగితంమీద వ్రాసుకొన్నారు. యంత్రం గంటలు గుత్తదారువి. గృహస్థు ఇచ్చేది తవ్విన ఘనపుటడుగులకు, పోసిన ఘనపుటడుగులకు. పూడ్చేముందు ప్రతి గుంటా ఇంటివారు చూడాలి. మొరం బండి బండికీ చీటీ. పొరుగింటి గోడ పునాది మూడడుగులు. వృద్ధునికి చదువు రాదు. కొడుకు చదివి వినిపిస్తుంటే, ‘సాక్షిని కూడ వ్రాయి’ అన్నాడు. సంతకానికి సాక్షి కాబోలుననుకొని గృహస్థు లోపలినుండి భార్యను పిలువబోయారు. అతడు కోరిన సాక్షి వేరు.

పెరటిలోని చెత్తను, మెత్తబడిన నల్లమన్నును రెండడుగుల లోతున ఎత్తివేయాలి. మొత్తం తీసివేశాక పాతనేల ఎంత ఎత్తున ఉండేదో చెప్పేదేది? అందుకని పాతకాలపు మన్నుపనిలో అక్కడక్కడ ఒక దిమ్మను తవ్వకుండా వదిలేవారు. చుట్టూ లోతైన కొద్దీ ఆ దిమ్మ ఎత్తుగా కనబడుతుంది. ఓవర్సీరు వచ్చి దాని ఎత్తు కొలిచి కూలి కట్టేవాడు. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో కూలీ తవ్వే కొలతగుంటను గోదీ అంటారు. చెరువుకే ఇటువంటి సాక్షి మరొకటి ఉన్నది: తవ్వించిన చెరువుకు వివాహం చేసి, నడుమ ఒక కొయ్యస్తంభం నాటుతారు. వివాహం కాని చెరువునీటిని శుభకార్యాలకు వాడరు. రాయపూరులోనే ఒకప్పటి చెరువైన రజబంధా పూడిపోయి మైదానమయింది. పేరులోని బంధా ఒక్కటే, అక్కడ కట్ట ఉండేదని చెప్పే దిమ్మ.

అద్దెకు వచ్చిన జేసీబీ డ్రైవరు దిమ్మలు వదలడానికి విసుక్కొన్నాడు. వృద్ధుడు గడ్డపార అడ్డం పెట్టి రెండు చోట్ల చిన్న చతురస్రాలు గీచాడు. ఆ రెండు చోట్లా మొదటి గుత్తదారు చెత్త పోయలేదు. పాత గడ్డి ఇంకా ఉన్నది. గడ్డి ఎందుకు ఉండాలని గృహస్థు అడిగారు. నెత్తిన గడ్డి ఉంటేనే అది పుట్టినప్పటి నేల అని ఓవర్సీరు నమ్ముతాడట; గడ్డి లేకపోతే పైన మన్ను పోసి ఎత్తు పెంచారని కూలి కోస్తాడట. చెప్పి వృద్ధుడు నవ్వాడు. 1970ల దశకంలో మహానదిమీద గంగ్రేల్ ఆనకట్ట కడుతున్న రోజులలో అతని తండ్రి రాత్రిపూట దిమ్మ నెత్తిమీది గడ్డిని టోపీలాగ చెక్కి ఎత్తి, దాని క్రింద జానెడు మన్ను పేర్చి, గడ్డిని మళ్లీ మూతపెట్టి, నీళ్లు చల్లేవాడట. ‘ఓవర్సీరు మా కూలి తినేవాడు, మేము సర్కారు జానెడు మన్ను తినేవాళ్లం’ అన్నాడు. కొడుకు సిగ్గుపడి మాట మార్చబోయాడు.

గృహస్థు నవ్వలేకపోయారు. అయితే ఆయన అనుమానం పెరగలేదు, తగ్గింది. మోసం ఎట్లా చేస్తారో తనంతట తాను చెప్పిన మనిషి ఆయనకు ఇదివరకెన్నడూ తటస్థపడలేదు. ఆ సాయంత్రం ఆయన స్వయంగా వంగి దిమ్మ నెత్తిమీది గడ్డిని వ్రేళ్లతో లాగి చూచారు. వేరు పట్టు విడువలేదు. వృద్ధుడు దూరంనుండి చూస్తూ, మంచిదన్నట్లు తల ఊపాడు.

తొట్టిపని వారంలో అయింది. గుంట గోడలు ఏటవాలుగా చెక్కినందున తీయవలసిన మన్ను ఎక్కువయింది. ఆ ఖర్చుకు గృహస్థు మారుమాటాడలేదు. పెరటిలో రెండు దిమ్మల చుట్టూ మొరం పొరలు పొరలుగా లేచింది. జానెడు పోయడం, నీళ్లు కొట్టడం, దిమ్మిసతో గట్టిపరచడం, మళ్లీ జానెడు. దిమ్మల నెత్తి సమానమైన రోజున ఇంటివారందరినీ పిలిచి చూపించారు. పిమ్మట వృద్ధుడే వాటిని కొట్టివేసి, ఆ గుంతలను కూడ మొరంతో పూడ్చాడు. మెత్తనిమన్ను లోపల ఉండిపోతే అక్కడే కుంగుతుందట. ఆ పైన ఇంకొక అడుగు పోసేసరికి పెరడు రోడ్డును దాటింది.

చివరకు మిగిలినది పొరుగింటి గోడ పునాది. కందకం తవ్వడం పూర్తి అయిన సాయంత్రం, కాగితంలో ఉన్నది కనుక, గుత్తదారు ఆ వృద్ధురాలిని కూడ పిలిచాడు. ఆమె చీరల తడక తొలగించుకొని వచ్చింది. ఏడు నెలల తరువాత గృహస్థు ఆమె ముఖాన్ని తిన్నగా చూచారు. మూడడుగులు ఉన్నదని గుత్తదారు టేపు పట్టి చూపించాడు. ఆమె టేపువైపు చూడలేదు. అంచున కూర్చుండి, గడ్డపారను కందకంలోకి దించమని, దానిమీద తన జానతో పైనుండి క్రిందికి కొలుచుకొన్నది. రెండుసార్లు కొలిచింది. ‘ఇంకొక జాన కావాలి, భయ్యా. ఈ మన్ను సంగతి నాకు తెలుసు’ అన్నది.

కొడుకు కాగితం తీయబోయాడు. వృద్ధుడు అప్పటికే కందకంలోకి దిగి ఉన్నాడు.